ఆరో తరగతి లెక్కలకు ఏం కావాలి?

(డిసెంబరు 17న పింఛనుదారుల దినం సందర్భంగా నెల్లిమర్లలో జరిగిన సభలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను అనేది దొరగారి దయ కాదు, ఉద్యోగి హక్కు అని అన్నది. ఆ సంగతి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం, నాకంటే బాగా చెప్పగలవారు వేదికమీద ఉన్నారు. ఇంకో ఐదు రోజుల్లో 22వ తేదీ, రామానుజన్ పుట్టినరోజు. 2012 నుంచి దాన్ని జాతీయ గణిత దినంగా జరుపుతున్నారు. రెండు పండగలకీ మధ్యన నిలబెట్టి "ఏదైనా చదువు గురించి చెప్పండి మాస్టారూ" అన్నారు కార్యదర్శిగారు. నాకు తెలిసింది ఆరు, ఏడు తరగతుల లెక్కలు. ముప్ఫయ్యారేళ్లు అవే చెప్పాను. కనుక ఆ ముక్కే చెబుతాను.

ఈ ఏడు జూన్‌లో, బడులు తెరిచిన వారం, పొద్దున్నే పాలు తెచ్చుకుని అరుగుమీద కూర్చున్నాను. ఒకాయన మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. జూట్ మిల్లులో చాలాకాలం పనిచేసి మానేసినవాడు. నాకు బాగా తెలిసినవాడే. ఎలా తెలుసో కాస్త ఆగి చెబుతాను. చేతిలో ఒక కాగితం. ఆరో తరగతిలో చేరిన పిల్లకి బడిలో లెక్కల క్లాసు తరఫున ఇచ్చారట. అంతా ఇంగ్లీషు. "సదివి సెప్పండి మాస్టారూ, ఏటేటి కొనాలో" అన్నాడు.

చదివి చెప్పాను. రెండు వందల పేజీల లాంగు నోటు పుస్తకాలు రెండు, ఒకటి క్లాసు వర్కుకి, ఒకటి హోం వర్కుకి. గ్రాఫు పుస్తకం ఒకటి. జామెట్రీ బాక్సు. అన్నింటికీ బ్రౌను అట్ట, దానిమీద పేరు చీటీ. రోజూ హోం వర్కు, దానికింద తల్లిదో తండ్రిదో సంతకం. తేనివారు ఆ పీరియడు బయట నిలబడాలి. తరవాత మార్కుల పంపకం. ఫార్మేటివ్ పరీక్షకి 50 మార్కులు. అందులో తరగతిలో పాల్గొన్నందుకు 10, రాతపనికి 10, ప్రాజెక్టుకి 10, స్లిప్ టెస్టుకి 20. కింద హెడ్మాస్టరు ముద్ర.

ఆయన అంతా విన్నాడు. కొనవలసినవి వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. లేవబోతూ అడిగాడు: "అయితే మాస్టారూ, పిల్ల ఏటి నేర్సుకోవాలో అందులో నేదా?"

మళ్లీ మొదటినుంచీ చదివాను. లేదు.

ఆ కాగితం రాసిన టీచరుని నేను తప్పుపట్టడం లేదు. ఆవిడకి ఎన్ని సెక్షన్లో, ఎన్ని రిజిస్టర్లో, ఎన్ని యాప్‌లలో ఎన్ని ఫోటోలు ఎక్కించాలో మనకి తెలుసు. పైగా ఆ కాగితం చదువుతుంటే నా చేతిరాతే చదువుతున్నట్టు అనిపించింది. 1967లో ఉద్యోగంలో చేరిన నాటినుంచి ప్రతి జూన్ నెలలోనూ మొదటిరోజు నల్లబల్లమీద నేను రాసిందీ అదే. రెండు నోటు పుస్తకాలు, ఎర్ర సిరాతో మార్జిను, రోజుకి పది లెక్కలు, తేకపోతే బయట. ఇంగ్లీషు ఒక్కటే తేడా.

అంతకు ముందు నాకు చెప్పిన పంతులుగారు అలా చెయ్యలేదు. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సభలో ఉన్నవారిలో సగంమందికి ఆ రోజులు గుర్తుంటాయి.

నేను 1945లో పుట్టాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాను. అంతవరకూ రూపాయికి 16 అణాలు, అణాకి 4 కానులు. మా ఇంట్లో బియ్యం కొలిచినా అదే వరస. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గుణించి చూడండి, కుంచానికి 64 గిద్దలు, రూపాయికి 64 కానులు. అర, పావు, అరపావు, వీసం అంటే మాకు పుస్తకంలో భిన్నాలు కావు, ఇంట్లో గిన్నెలు. సగం, సగంలో సగం, దానిలో సగం. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం పడుకోబోయే ముందు అప్పజెప్పేవాళ్లం. మా అమ్మమ్మకి అక్షరం రాదు గాని ముప్పావు ఎక్కంలో నేను తప్పితే పక్కమీదనుంచే దిద్దేది.

తెల్లారేసరికి రూపాయికి నూరు నయాపైసలయింది. అణాకి ఆరుంపావు. ఆ పావు నయాపైసా అనేది ఎవరి జేబులోనూ ఉండదు కనుక అణాకి ఆరు అన్నారు. నాలుగణాలకి మాత్రం ఇరవై అయిదు. మా పంతులుగారు క్లాసులోకి రాగానే పుస్తకం తెరవమనలేదు. "ఒరేయ్, నాలుగు అణాబిళ్లలు విడివిడిగా మారిస్తే ఇరవై నాలుగు వచ్చాయి. పావలా బిళ్ల మారిస్తే ఇరవై అయిదు వచ్చాయి. ఒక నయాపైసా ఎక్కడికి పోయింది?" అని అడిగి కుర్చీలో కూర్చున్నారు. ఆ పీరియడంతా మేమే మాట్లాడుకున్నాం. కోమటి తినేశాడని ఒకడన్నాడు. కాదు, నాలుగుసార్లు పావు పావు వదిలేశాం, అవన్నీ కలిపితే ఒకటి అని ఇంకొకడన్నాడు. ఎక్కడ సవరించాలి, ఎప్పుడు సవరించాలి అనే పాఠం మాకు అలా వచ్చింది. దశాంశ బిందువు ఆ తరవాత వారంలో వచ్చింది. అప్పటికే దాని అవసరం మాకు తెలిసిపోయింది. ఆయన దగ్గర మేము వాడింది పలక. నోటు పుస్తకం ఉన్నట్టు గుర్తులేదు.

మరి అంతటి పంతులుగారి శిష్యుణ్ణి అయి ఉండీ నేనెందుకు మార్జిన్ల వెంట పడ్డాను? నిజం చెప్పాలంటే భయం. అరవైమంది పిల్లలు, ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష, ఎప్పుడొస్తాడో తెలియని ఇన్‌స్పెక్టరు. ఆయన వస్తే మొదట చూసేది పిల్లల నోటు పుస్తకాలు. నోటు పుస్తకంలో ఎర్ర టిక్కులు ఉంటే నేను పనిచేసినట్టు. పిల్లవాడి బుర్రలో ఏముందో చూడ్డానికి ఆయనకి టైము లేదు. నాకూ లేదనుకున్నాను.

ఇప్పుడు ఆ మిల్లు మనిషిని నేనెలా ఎరుగుదునో చెబుతాను.

1978-79 విద్యా సంవత్సరం. ఈ చుట్టుపక్కలే ఒక బడిలో పనిచేస్తున్నాను. ఏడో తరగతిలో మూడో బెంచీ చివర ఒక కుర్రాడు కూర్చునేవాడు. తండ్రి మిల్లులో పని. తల్లి సంతలో కూరగాయలు అమ్మేది, ఆదివారం వీడూ కూర్చునేవాడు. ఆ ఏడు ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చిందో గాని దసరా అయ్యాక హోం వర్కు నోటు పుస్తకం తేవడం మానేశాడు. అడిగితే "రేపు తెత్తానండి" అనేవాడు. రేపు వచ్చేది, పుస్తకం రాదు. నియమం ప్రకారం బయట నిలబెట్టేవాణ్ణి. గుమ్మం పక్కన నిలబడి కిటికీలోంచి బల్లవైపు చూస్తుండేవాడు.

ఒక బుధవారం చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక లెక్క 3.25ని 1.20తో గుణించమని. వాడు 325ని 120తో గుణించి 39000 తెచ్చాడు, అది సరే. బిందువు నాలుగు స్థానాల ముందు పెట్టవలసింది, మూడు స్థానాల ముందు పెట్టి 39.000 అని రాశాడు. నేను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. ఆ వారమే ఆదివారం ఇంటికి చుట్టాలు వస్తే సంతకి వెళ్లాను. వంకాయలు కిలో రూపాయి ఇరవై. మూడుంపావు కిలోలు తియ్యమన్నాను. తూకం వేసినది వాడే. నేను సంచీ తెరిచేలోపలే "మూడు కేజీలకి మూడు అరవై, పావుకి ముప్పై, మూడు తొంభయ్యండి" అన్నాడు.

నాకు వెంటనే తట్టలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. అదే లెక్క! 3.25, 1.20. వంకాయలకి ముప్ఫయ్ తొమ్మిది రూపాయలు అడిగితే సంతంతా నవ్వుతుందని వాడికి తెలుసు. నా తరగతిలో నవ్వే సంత లేదు. మూడు చిల్లరని ఒకటీ చిల్లరతో గుణిస్తే ముప్ఫయ్ తొమ్మిది ఎలా వస్తుందిరా అని నేను ఒక్కసారైనా అడిగి ఉంటే వాడే నవ్వి దిద్దుకునేవాడు. నేను అడిగింది బిందువు ఎన్ని స్థానాల తరవాత పెట్టాలి అని మాత్రమే.

ఇక్కడితో ఆగిపోతే ఇదొక మంచి కథ. నేను మారిపోయి మర్నాడే వాణ్ణి దగ్గరకి తీసుకున్నానని చెప్పుకోవచ్చు. అలా జరగలేదు. మర్నాడు సోమవారం వాడు మళ్లీ నోటు పుస్తకం తేలేదు, నేను మళ్లీ బయట నిలబెట్టాను. వాడికి లెక్కలు వచ్చునని తెలిసి కూడా నిలబెట్టాను. ఒకడికి సడలిస్తే అరవైమందీ మానేస్తారనుకున్నాను. ఆ వారం చివర్న వాడు బడి మానేశాడు. హాజరు పట్టీలో రోజూ పేరు పక్కన గైర్హాజరు వేస్తూ కూడా మూడు వారాల దాకా వాళ్లింటికి వెళ్లలేదు. వెళ్లినరోజున తల్లి గుమ్మంలోనే చెప్పింది. "బుక్కు కొననేదని అందరి ముందరా నిలబెడతన్నారంట బాబూ. సిగ్గేస్తంది, నానెల్ను అంటన్నాడు." నాతో ఒక నోటు పుస్తకం కొని పట్టుకెళ్లాను. కుర్రాడు లోపలే ఉన్నాడు, బయటికి రాలేదు. పుస్తకం అరుగుమీద పెట్టి వచ్చేశాను. ఆ ఏడు ఏడో తరగతి పరీక్షకి వాడు కూర్చోలేదు.

జూన్‌లో కాగితం పట్టుకుని నా అరుగుమీదకి వచ్చినది ఆయనే. ఏం నేర్చుకోవాలో అందులో లేదా అని అడిగినదీ ఆయనే. నన్ను తిట్టుకున్నావా అని అడిగాను. "అప్పుడు తిట్టుకున్నానండి" అన్నాడు, మొహమాటం లేకుండా.

మా అమ్మాయి కూడా టీచరే. ఈ సంగతి చెబితే అది ఒక పరిశోధన గురించి చెప్పింది. బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే ఊళ్లో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే అయిదుగురు పిల్లల్ని ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 1985లో అచ్చువేశారట. కొనేవాళ్లలా వెళ్లి బేరంలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలు కాగితంమీద లెక్కలుగా ఇస్తే నూటికి 37. చదివి నేను చాలాసేపు ఊరుకున్నాను. అంతదూరం పోనక్కర్లేదు, మన ఆదివారం సంతలో మూడుంపావు కిలోల వంకాయలు కొంటే చాలు.

అయితే ఒక మాట. బజారు లెక్క వస్తే చాలు, బడి లెక్క అక్కర్లేదని నేననను. అలా అనే పెద్దలు కొందరున్నారు, వాళ్ల పిల్లలు మాత్రం హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతుంటారు. సంత కుర్రాడు పావు, అర దాటి 3.27 కిలోలు, 1.19 రూపాయలు అంటే తడబడతాడు. అక్కడ కాగితం కావాలి, పద్ధతి కావాలి. ఆరు, ఏడు తరగతుల పని సరిగ్గా అదే. నోటితో వచ్చినదాన్ని కాగితంమీదికి తీసుకురావడం, కాగితంమీద వచ్చినదాన్ని నోటితో సరిచూసుకోవడం. అయిదో తరగతి దాకా లెక్క చేతికి తగులుతుంది. ఎనిమిదిలో బీజగణితం, రేఖాగణితం మీద పడతాయి. మధ్యనున్న ఈ రెండేళ్లు వంతెన. చంపావతిమీద వంతెన లేనినాడు ఏరు దాటడానికి పడ్డ పాట్లు ముసలివాళ్లకి తెలుసు.

ఆ వంతెనమీద పిల్లలు కాలుజారే చోట్లు పెద్దగా మారలేదు. ఒకటిబై రెండు, ఒకటిబై మూడు కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కలిపి రెండుబై అయిదు అంటారు. అరకే ఇంకొంత కలిపితే అరకంటే తగ్గిందేమిటే అని అడిగేవాడుండాలి. 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే 35 పెద్దది కనుక అదే అంటారు. ముప్ఫయ్ అయిదు పైసలు, యాభై పైసలు అంటే ఎవరూ తప్పరు. ఇప్పుడు పైసలు చూసిన పిల్లలే లేరు, అదొక చిక్కు. మీటరు బద్ద పనికొస్తుంది.

సమానం గుర్తు సంగతి నాకు రిటైరయ్యాక గాని తెలియలేదు. ఎనిమిదికి నాలుగు కలిపితే ఎంతో, గడిలో ఉన్న సంఖ్యకి అయిదు కలిపితే అంత రావాలి, గడిలో ఏముండాలి? ఏడు ఉండాలి. పిల్లలు పన్నెండు అని రాస్తారు. ఎందుకంటే సమానం గుర్తు అంటే వాళ్ల దృష్టిలో "జవాబు ఇక్కడ రాయి" అని అర్థం. 1999లో అమెరికాలో ఈ లెక్క ఇచ్చి చూస్తే 145 మంది ఆరో తరగతి పిల్లల్లో ఒక్కరూ ఏడు అని రాయలేదట. త్రాసుకి రెండు పళ్లాలూ సమంగా ఉండడమే ఆ గుర్తు అని తెలియనివాడికి ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు చెబితే ఏం చేస్తాడు? "అటుదిటు తెస్తే గుర్తు మారుతుంది" అని మంత్రంలా పట్టుకుంటాడు. నేనూ ఆ మంత్రమే చెప్పాను, ఏళ్ల తరబడి. ఎందుకు మారుతుందని ఒక్కడూ అడగలేదు. అడగకపోవడం చూసి పాఠం బాగా అర్థమైందనుకున్నాను.

ఇంకొకటి నవ్వొచ్చేది. రామతీర్థం విహారయాత్రకి 250 మంది పిల్లలు, బస్సుకి 48 మంది, ఎన్ని బస్సులు కావాలి అని ఇచ్చాను ఒకసారి. తరగతిలో ముప్పాతికమంది 5 బస్సులు, శేషం 10 అని రాశారు. భాగహారం తప్పులేదు. ఆ పదిమందినీ ఏం చేద్దామర్రా అన్నాను. వెనకనుంచి ఒక పిల్ల, "ఆళ్లు శేషం కదండీ, ఇంటికాడ ఉంటారు" అంది. అప్పుడందరూ నవ్వారు. నవ్వాక అయిదుని కొట్టేసి ఆరు వేశారు. నా సర్వీసులో లెక్కల పీరియడులో పిల్లలు నవ్వింది తక్కువ. నవ్వినరోజు చెప్పింది మాత్రం వాళ్లు మరిచిపోలేదు.

ఈ మాటలు నా సొంతం కావు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గణితంలో ప్రధాన లక్ష్యం పిల్లవాడి ఆలోచనని గణితం వైపు మళ్లించడం అన్నది. మన రాష్ట్రంలో 2012లో 6, 7 తరగతులకి కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు అయిదు విద్యా ప్రమాణాలు పెట్టారు. సమస్య సాధించడం ఒకటే కాదు, కారణం చెప్పడం, వ్యక్తపరచడం, ఇతర విషయాలతో అనుసంధానించడం, బొమ్మగానో పట్టికగానో చూపించడం కూడా ఉన్నాయి. కాగితంమీద చాలా బాగుంది. కాని ఆ అయిదింటిలో నోటు పుస్తకం తిరగేస్తే కనిపించేది మొదటిది ఒక్కటే. పర్యవేక్షణకి వచ్చేవాళ్లు చూసేది ఇప్పటికీ నోటు పుస్తకమే. దేశంలో గ్రామీణ ప్రాంతాల ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవారు సగానికంటే తక్కువని 2024 అసర్ నివేదిక చెప్పింది. వాళ్లందరి నోటు పుస్తకాల్లోనూ భాగహారాలు ఉండే ఉంటాయి. బల్లమీదవి ఎక్కించుకున్నవి.

భాష సంగతి కూడా ఒక ముక్క. ఇప్పుడు పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నాకు అది నచ్చింది. ఆ పిల్ల డినామినేటర్ అంటుంది, తాత హారం అన్నా తెలియదంటాడు, కిందది అంటే తెలుస్తుంది. ఏ మాట వాడినా నాకు తగవు లేదు. డినామినేటర్ అంటే ఏమిటే అని అడిగితే మళ్లీ డినామినేటర్ అని జవాబు వస్తేనే తగవు. "ముక్కలు ఎన్ని చేశామో అది" అని తన మాటలో చెప్పగలగాలి. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఎన్నో వందల ఏళ్లయింది. వాడుక భాషకోసం గిడుగువారు, గురజాడవారు పోరాడింది మన ఉత్తరాంధ్ర గడ్డమీదే. మనవాళ్లకి మన మాటలో లెక్క చెప్పుకోవడానికి కొత్తగా సిగ్గు దేనికి?

సరే, ఆ కాగితం సంగతికి వస్తాను. ఆయన ప్రశ్నకి జవాబుగా ఆ పిల్లకి నేనొక కాగితం రాసిచ్చాను. బడిది బడిదే, దాని ప్రకారం నోటు పుస్తకాలు కొనాలి, అట్టలు వెయ్యాలి. నాది పక్కన పెట్టుకోమన్నాను. అందులో ఏం రాశానో చెబుతాను, మీ ఇళ్లలో ఆరో తరగతి పిల్లలుంటే వాడుకోండి, లేకపోతే దిద్ది నాకు చెప్పండి.

లెక్క మొదలుపెట్టే ముందు జవాబు ఇంచుమించు ఎంత ఉంటుందో పక్కన పెన్సిలుతో రాసుకో. తప్పయినా పరవాలేదు, చెరపకు. చేశాక రెండూ పక్కపక్కన పెట్టి చూడు. రోజుకి పది లెక్కలు వద్దు, మూడు చాలు, కాని ఒకదాన్ని రెండు దారుల్లో చెయ్యి. తప్పు వచ్చినదాన్ని కొట్టెయ్యకు, దానికింద "ఇక్కడ ఇలా అనుకున్నాను" అని ఒక వాక్యం రాయి. తెలుగో ఇంగ్లీషో నీ ఇష్టం. వారానికి ఒక లెక్క నువ్వే కట్టి తాతని అడుగు. ఇరవై దాకా ఎక్కాలు నోటికి రావాలి, ఇందులో మినహాయింపు లేదు. ఎక్కాలు బట్టీ అని ఈసడించే కొత్తవాళ్లతో నేను ఏకీభవించను. ఏడెనిమిదులు ఎంతో వెతుక్కునేవాడికి భిన్నాల దగ్గర ఆలోచించడానికి బుర్రలో చోటు మిగలదు. అర్థంకాని చోట చెయ్యి ఎత్తు. ఎత్తడానికి భయమైతే నా అరుగుకి రా.

వచ్చింది. జూలైనుంచి మంగళ, శుక్రవారాలు సాయంత్రం వస్తోంది. తనతోబాటు ఇంకో నలుగురిని తెచ్చుకుంది. నా అరుగు చాలక ఇప్పుడు మన సంఘం గదిలోనే కూర్చుంటున్నాం. ఈ సంగతి కార్యవర్గానికి తెలుసు, మిగతావారికి ఇవాళ చెబుతున్నాను.

ఫలితం ఏమిటని అడుగుతారు. మొదటి స్లిప్ టెస్టులో పిల్లకి ఇరవైకి తొమ్మిది వచ్చాయి. రెండోదాంట్లో పదకొండు. గొప్ప సంగతేమీ కాదు. రాతపనికి పదికి నాలుగే వేశారు, తప్పులకింద వాక్యాలు రాసి నోటు పుస్తకం పాడుచేసిందని. తాత ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరకి వచ్చాడు. ఈసారి నేనేం చెప్పాలో నాకు తెలియలేదు. నా మాట వినే పిల్ల మార్కులు పోగొట్టుకుంది. ఆలోచించి, బడికి వెళ్లి ఆ టీచరుని కలిశాను. ముందుగా నేను నలభై ఏళ్ల పైచిలుకు కిందట ఒక కుర్రాణ్ణి బయట నిలబెట్టిన సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "నోటు పుస్తకం వెనక పది పేజీలు ఆ వాక్యాలకి వదిలెయ్యమనండి సార్, అవి నేను చూడను, కొట్టెయ్యను" అన్నారు. బయట నిలబెట్టడం గురించి ఏమీ అనలేదు. మళ్లీ వెళ్తాను.

మిత్రులారా, ఇక్కడ ట్రెజరీలో పనిచేసినవారున్నారు, సర్వేలో పనిచేసినవారున్నారు, రైల్వేవారున్నారు. శాతం అనే పాఠం చెప్పడానికి నాకంటే మన ట్రెజరీ మిత్రుడు నయమని పోయిన నెలలో తెలిసింది. ఆయన పింఛను చీటీ తెచ్చి పిల్లల ముందు పరిచారు. మూల పింఛను ముప్ఫయ్ వేలు అనుకోండి, కరువు భృతి నూటికి ఇరవై అనుకోండి, ఎంత పెరుగుతుంది అన్నారు. పిల్లలు ఆరువేలు అన్నారు. బకాయి ఆరు నెలలది రావాలి, ఎంత అన్నారు. ముప్ఫయ్యారు వేలు అన్నారు. "ఎప్పుడిస్తారండి?" అని ఆ పిల్ల అడిగింది. దానికి మాత్రం ఆయన దగ్గర సూత్రం లేదు. సర్వే మిత్రుడు గొలుసు తీసుకొస్తానన్నారు. ఎకరానికి నూరు సెంట్లు, సెంటుకి 48 గజాల చిల్లర, ఆ చిల్లర ఎక్కడిదో వైశాల్యం పాఠంలో ఆయనే చెబుతారట.

మంగళ, శుక్రవారాలు సాయంత్రం అయిదునుంచి ఆరున్నర. గదిలో ఫ్యాను ఒకటే పనిచేస్తోంది, నల్లబల్లకి రంగు వెయ్యాలి. నోటు పుస్తకం తేనివారిని కూడా రానిస్తాం. పలకలు నాలుగు నేను కొన్నాను, ఇంకో ఆరు కావాలి. సెలవు.